మన పెట్టె ఎక్కడ? రైలులో చోటుకు ఒక చరిత్ర

క్రిందటి వేసవిలో ఒక రాత్రి ఒక జంక్షనులో బండికోసం నిలబడి ఉన్నాను. బండి రావడానికి ఇరవై నిమిషాలు ఉన్నది. పైన వెలిగే పలకమీద పెట్టెల పేర్లు కనిపిస్తున్నవి. నా పెట్టె ఎక్కడ ఆగుతుందో చూసుకొని, అక్కడికి నడిచి, సంచి కింద పెట్టి నిశ్చింతగా ఉన్నాను. అప్పుడు ఒక ముసలి దంపతులు నా దగ్గరకు వచ్చారు. చెన్నపట్నంలో కట్టడం పనికి పోతున్నారు. ఆయన చేతిలో బస్తా, ఆమె నెత్తిన మూట. ఆయన జేబులోంచి ఒక ఫోను తీసి, "బాబూ, మా పెట్టె ఎటు వస్తాదో కాస్త చూసి చెప్పు బాబూ" అన్నాడు.

చూశాను. వారి ఊళ్లో ఎవరో టిక్కెట్లు కొనిపెట్టి ఫోనుకు పంపిన సమాచారం అది. అందులో పెట్టె పేరు లేదు, బెర్తు నెంబరు లేదు. వెయిటింగ్ లిస్టు అని మాత్రమే ఉన్నది. చార్టు తయారైపోయింది. ఇంటర్నెట్‌లో కొన్న టిక్కెట్టు చార్టు తయారయ్యేనాటికి వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోతే దానంతట అదే రద్దవుతుంది. డబ్బు కొన్నవాడి ఖాతాకు తిరిగిపోతుంది. అంటే ఆ క్షణాన ఆ ఇద్దరి చేతిలోనూ టిక్కెట్టు లేదు. ఆ సంగతి వారికి తెలియదు. తమ పెట్టె ఎక్కడో ఒకచోట ఉన్నదనీ, చదువుకున్నవాడెవడైనా చూపిస్తే చాలుననీ వారి నమ్మకం.

"మీకు పెట్టె లేదు తాతా" అని చెప్పవలసివచ్చింది. ముగ్గురమూ కిటికీ దగ్గరకు పరుగెత్తాము. వరుసలో ముందున్నవారిని బతిమాలి రెండు జనరల్ టిక్కెట్లు తీసుకున్నాము. బండి వచ్చింది. వాళ్లు చివరి పెట్టెవైపు పరుగెత్తారు. తలుపు దగ్గర కిక్కిరిసిన జనంలో ఆమె నెత్తిమీది మూట కనిపించింది, తరువాత అదీ కనిపించలేదు. నేను నా పెట్టె ఎక్కి, 33వ నెంబరు కింది బెర్తుమీద పక్క పరుచుకొని పడుకున్నాను. నా పేరు జాబితాలో ఉన్నది కనుక పడుకున్నాను. నిద్ర మాత్రం రాలేదు.

చరిత్ర పాఠం చెప్పుకొని బ్రతికేవాడిని. తమ పెట్టెకోసం వెతుక్కునే ఆ మనుషుల వెనుక ఎంత చరిత్ర ఉన్నదో ఆ రాత్రి ఆలోచించాను. బండిలో ఒక చోటు ఒక మనిషిది ఎప్పుడు అవుతుంది? దాన్ని ఎవరు నిర్ణయిస్తారు? ఆ చోటు ఫలానాచోట ఉన్నదని మనిషికి చూపించే బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకూ కాలాన్నిబట్టి జవాబులు మారుతూ వచ్చాయి. ఆ మార్పులనే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

1

రైలు రాకముందు ప్రయాణంలో మనిషి స్థానాన్ని వెతుక్కోవలసిన పనిలేదు. పుట్టుకే దాన్ని చూపించేది. 1830 మే నెలలో మద్రాసునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి పెద్ద పరివారంతో సుమారు 15 నెలలపాటు ప్రయాణం చేశాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ యాత్రలో పల్లకీలో కూర్చునేది ఎవరో, ఆ పల్లకీని మోసే బోయీలు ఎవరో ఎవరికీ చెప్పనక్కరలేదు. కూర్చున్నవాడూ మోసేవాడూ ఒకే దారిన ఒకే ఊరికి పోతారు. కాని వారి ప్రయాణాలు రెండూ ఒకటి కావు.

1853 ఏప్రిల్ 16న బొంబాయినుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడిచింది. దూరం 34 కిలోమీటర్లు. 14 పెట్టెలు, సుమారు 400 మంది ఆహ్వానితులు. మూడేళ్ల తరువాత 1856 జూలై 1న రాయపురంనుండి ఆర్కాటువైపు, వాలాజా రోడ్డువరకు, దక్షిణదేశపు మొదటి బండి కదిలింది. 1874లో నిజాం రాజ్యంలో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1900నాటికి రాజమండ్రి దగ్గర గోదావరిమీద వంతెన పూర్తయి, మద్రాసు కలకత్తాల నడుమ తూర్పుతీరపు దారి ఏర్పడింది.

ఆ 1853లోనే, ఆగస్టు 8న, న్యూయార్కు పత్రికలో కార్ల్ మార్క్స్ భారతదేశంలో బ్రిటిషు పాలన ఫలితాలను గురించి వ్రాసిన వ్యాసం అచ్చయింది. రైలుమార్గాలు ఆధునిక పరిశ్రమకు దారితీస్తాయనీ, ఆ పరిశ్రమ కులాలకు ఆధారమైన వంశపారంపర్య శ్రమవిభజనను కరిగిస్తుందనీ ఆయన ఊహించాడు. ఈ వ్యాసాన్ని మనవాళ్లు పలుమార్లు చర్చించారు. అయితే చర్చలలో తరచుగా ఒక సంగతి మరుగునపడుతూ ఉంటుంది. రైలు పాత విభజనను కుదిపిన మాట నిజం. కాని కుదిపిన చోటనే కొత్త విభజనను నిలబెట్టింది. దాని పేరు తరగతి. మొదటి తరగతి, రెండవ తరగతి, ఇంటర్, మూడవ తరగతి. పల్లకీ విషయంలో పుట్టుక చేసిన పని బండి విషయంలో టిక్కెట్టు చేయసాగింది.

టిక్కెట్టు కులం అడగదు. అంతవరకు అది ముందడుగే. మూడవ తరగతి బల్లమీద బ్రాహ్మణుడి పక్కన ఎవరు కూర్చుంటారో నిర్ణయించే అధికారం బ్రాహ్మణుడికి లేకపోయింది. రైల్వే కంపెనీకి డబ్బు ముఖ్యం. కులానికొక పెట్టె తగిలించడం దానికి గిట్టుబాటు కాదు. ఈ సమానత్వం దయవలన వచ్చింది కాదు, లాభం లెక్కవలన వచ్చింది. అయినా వచ్చింది గనుక దానికొక విలువ ఉన్నది.

ఆ విలువకు హద్దు ఎక్కడో తెలుసుకోవాలంటే అంబేద్కరు తన బాల్యంనుండి చెప్పిన ఒక సంఘటన చాలు. 1901లో పదేళ్ల పిల్లవాడుగా ఆయన అన్నతోనూ, అక్క కొడుకుతోనూ కలిసి తండ్రి దగ్గరకు రైలులో బయలుదేరాడు. మసూరు స్టేషనులో దిగారు. తండ్రి పంపవలసిన మనిషి రాలేదు. స్టేషను మాస్టరు మొదట ఆదరంగా పలకరించాడు. మహర్లమని పిల్లలు చెప్పగానే ముఖం మారిపోయి తన గదిలోకి వెళ్లిపోయాడు. స్టేషను బయట ఎడ్లబండివాళ్లు ఎక్కించుకోము పొమ్మన్నారు. చివరకు రెండింతల కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలనీ, తాను పక్కన నడిచివస్తాననీ షరతుమీద. రైలుపెట్టెలో ఎవరూ అడగని ప్రశ్న రైలు దిగగానే ఎదురయింది. పట్టాలు ఊళ్లోకి వచ్చాయి. ఊరు పట్టాలవెంట రాలేదు.

2

వలసపాలనలో పెట్టె వెతుక్కోవడం ఎలా ఉండేది? పెట్టెమీద తరగతి వ్రాసి ఉండేది. మూడవ తరగతివాడికి ప్లాట్‌ఫారం చేరడమే పెద్ద పని. టిక్కెట్ల కిటికీ బండి వచ్చే ముందు కొద్దిసేపు మాత్రమే తెరిచేవారు. అంతవరకు ముసాఫిరుఖానాలో పడిఉండాలి. తలుపు తీయగానే పరుగెత్తాలి. ఎవరి బలంకొద్దీ వారు ఎక్కాలి. అతడికి సంబంధించినంతవరకు 'నా చోటు' అనే మాటకు అర్థం లేదు. ఉన్నది 'దొరికిన చోటు' ఒక్కటే. కొన్ని మార్గాలలో బల్లలైనా లేని పెట్టెలు నడిచిన రోజులున్నాయి. తీర్థాలకూ తిరునాళ్లకూ సామాను బండ్లలో జనాన్ని కుక్కిన రోజులున్నాయి. ప్రయాణికుల చార్జీల రాబడిలో అత్యధికభాగం ఈ మూడవ తరగతివారు ఇచ్చిందే అన్నది మరచిపోరాదు.

'రిజర్వు' అనే మాట ఆనాడు మరొక అర్థంలో వినిపించేది. యూరోపియనులకూ ఆంగ్లో ఇండియనులకూ కేటాయించిన గదులు ఉండేవి. పక్కగదిలో జనం ఒంటికాలిమీద నిలబడ్డా ఆ గది ఖాళీగా పోవచ్చు. అక్కడ చోటును నిర్ణయించింది డబ్బు ఒక్కటే కాదు, చర్మపు రంగు. 1893లో దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషనులో గాంధీని బండినుండి దించివేసినప్పుడు ఆయన దగ్గర మొదటి తరగతి టిక్కెట్టు ఉన్నది. టిక్కెట్టు ఉండడం వేరు, చోటు ఉండడం వేరు అని సామ్రాజ్యం ఆయనకు నేర్పిన పాఠం అది.

ఇక చట్టం సంగతి చూడండి. 1890నాటి భారత రైల్వేల చట్టం చాలాకాలం, 1989లో కొత్త చట్టం వచ్చేవరకు, మనల్ని పాలించింది. దానిలోని 63వ సెక్షను ప్రకారం ప్రతి గదిలోనూ ఎంతమంది ప్రయాణికులు ఉండవచ్చునో రైల్వేవారు నిర్ణయించి, ఆ సంఖ్యను అందరికీ కనిపించేటట్టు గది లోపలగాని బయటగాని వ్రాయాలి. ఇంగ్లీషులోగాని, ఆ ప్రాంతపు వాడుక భాషలోగాని, రెండింటిలోనూగాని వ్రాయాలి. 64వ సెక్షను ప్రకారం ప్రతి బండిలోనూ అట్టడుగు తరగతిలో స్త్రీలకు కనీసం ఒక గది కేటాయించాలి. 109వ సెక్షను మరొకరికి కేటాయించిన గదిలోనో, నిండిన గదిలోనో ఎక్కి దిగనన్న ప్రయాణికుడికి 20 రూపాయలవరకు జుల్మానా విధిస్తుంది. నిండిన గదిలోకి ప్రయాణికుణ్ణి బలవంతాన ఎక్కించే రైల్వే ఉద్యోగికి కూడా 20 రూపాయలవరకే జుల్మానా.

కాగితంమీద ఎంత న్యాయమైన తూకం! ప్రయాణికుడికీ ఉద్యోగికీ ఒకే జుల్మానా. వ్యవహారంలో ఏమి జరిగిందో 1917లో గాంధీ మూడవ తరగతి ప్రయాణాలను గురించి వ్రాసిన లేఖ చెబుతుంది. బొంబాయినుండి మద్రాసుకు 13 రూపాయల 9 అణాలు ఇచ్చి మెయిలులో ఎక్కాడు. ఆ పెట్టెమీద 22 మంది అని వ్రాసి ఉన్నది. అది కూర్చోవడానికి మాత్రమే సరిపోయే లెక్క, రెండు రాత్రుల ప్రయాణంలో పడుకునే చోటు లేదు. రాయచూరు దగ్గరకు వచ్చేసరికి తాకిడి భరించరానిదయింది. రాత్రి చాలాసేపు ఆ పెట్టెలో 35 మంది ఉన్నారు. రైల్వే ఉద్యోగులు వచ్చింది ఇంకా కొందరిని లోపలికి తోయడానికేనట. ఇదేమిటని అడిగిన ఒక వర్తకుడికి అవమానమే మిగిలింది.

ఆ దారి ఏదో గమనించండి. రాయచూరు దాటితే గుంతకల్లు, కడప, రేణిగుంట. మన రాయలసీమ గుండా పోయే దారి. 22 అనే అంకె గోడమీద ఉన్నది. చదువగలిగినవాడు చదివాడు. చదివి ఏమి చేయగలడు? చట్టం తన అంకెను గోడమీద వ్రాసి తన పని అయిపోయిందనుకున్నది. ఆ అంకెను నిలబెట్టే శక్తి ప్రయాణికుడి చేతిలో పెట్టలేదు. హక్కును ప్రకటించడానికీ హక్కును అమలు జరపడానికీ మధ్య ఉండే దూరం ఎంతో ఆ పెట్టెలో అదనంగా నిలబడ్డ 13 మంది శరీరాలు కొలిచి చూపించాయి.

3

స్వాతంత్ర్యం వచ్చాక తరగతుల పేర్లు మారాయి. 1955లో పాత మొదటి తరగతిని ఎత్తివేసి, రెండవదానికి మొదటిదనీ, ఇంటరుకు రెండవదనీ పేరు పెట్టారు. మూడవ తరగతి మూడవదిగానే మిగిలింది. దానిని 1974లో ఎత్తివేశారు. అదే ఏడు మే నెలలో లక్షలాది రైల్వే కార్మికులు చేసిన సమ్మెను ప్రభుత్వం అణచివేసింది. ప్రయాణికుడి టిక్కెట్టుమీదనుండి మూడవ తరగతి అనే మాట తుడిచివేసిన ఏడాదిలోనే, బండి నడిపేవాడి బ్రతుకు ఏ తరగతిదో ప్రభుత్వం చేతలతో చెప్పింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చదువుకోవాలి.

పేరు తుడిచినంతమాత్రాన బల్ల మెత్తబడలేదు. అది మెత్తబడింది 1977 నుండి 1979 వరకు రైల్వేమంత్రిగా ఉన్న సోషలిస్టు నాయకుడు మధు దండావతే కాలంలో. రెండవ తరగతి స్లీపరులోని కొయ్యబెర్తులమీద నురుగుపరుపు వేయించాలన్న నిర్ణయం ఆయనది. చిన్న సంగతి అనేవారు కొయ్యబల్లమీద రాత్రంతా పడుకొని చూడనివారు. సామాన్యుడి వెన్నెముకను లెక్కలోకి తీసుకున్న నిర్ణయాలు మన రైల్వే చరిత్రలో ఎక్కువ లేవు.

సామాన్యుడికి పడుకునే బెర్తు, దానికొక నెంబరు, ఆ నెంబరుకెదురుగా అతడి పేరు రావడం నిజంగా పెద్ద మార్పు. అంతవరకు తోపులాటలో బలవంతుడిదైన చోటు, వరుసలో ముందు నిలబడ్డవాడిదయింది. ముసలివాడికీ, గర్భిణికీ, పిల్లలతల్లికీ పరుగెత్తకుండా ఎక్కే వీలు కలిగింది. రిజర్వేషను డబ్బున్నవాడి సౌకర్యమని కొట్టివేసే మిత్రులతో నేను ఏకీభవించను. బలానికి బదులు వరుస రావడం నాగరికతలో ఒక మెట్టు.

అయితే ఆ వరుస ఎవరి చేతిలో ఉన్నది? ఆ రోజులలో ప్రతి స్టేషనుకూ కొన్ని బెర్తుల కోటా ఉండేది. లావుపాటి రిజిస్టర్లలో గుమాస్తా పేర్లు వ్రాసేవాడు. తిరుగు ప్రయాణానికి టెలిగ్రాము ఇచ్చి జవాబుకోసం ఎదురు చూడాలి. రిజిస్టరు కిటికీకి అవతల ఉంటుంది, జనం ఇవతల. ఖాళీ ఉన్నదో లేదో గుమాస్తా నోటిమాటే ప్రమాణం. ఈ చీకటిలోనే దళారీ పుట్టాడు.

బండి బయలుదేరే ముందు పేర్ల జాబితా తయారయ్యేది. ఒక ప్రతి స్టేషను బోర్డుమీద, ఒక ప్రతి పెట్టె తలుపు పక్కన అంటించేవారు. చార్టు అంటే అదే. దానితో నాకు స్వంత పరిచయం ఉన్నది. 1980ల మొదట నేను పన్నెండేళ్ల కుర్రవాణ్ణి. మా ఇల్లు ఒక చిన్న జంక్షను పక్కనే. సాయంకాలం బండి వేళకు మేము స్నేహితులం ప్లాట్‌ఫారం మీద ఆడుకునేవాళ్లం. చార్టు ఇంగ్లీషులో ఉండేది. "నాయనా, నీకు ఇంగ్లీషు వస్తుందిగా, మా పేరు ఎక్కడున్నదో చూసిపెట్టు" అని అడిగేవారు. వేలు పెట్టి పేర్లు వెతికేవాణ్ణి. పొడుగు పేర్లు సగం తెగి ఉండేవి. అప్పలమ్మలూ వెంకటమ్మలూ గుమాస్తాకు తోచిన అక్షరాలలో ఉండేవారు. పేరు దొరక్కపోతే వయసునుబట్టి వెతికేవాణ్ణి, వయసూ కుదరకపోతే ఊరునుబట్టి. దొరికినప్పుడు "ఇదిగో పెద్దమ్మా, నీ పేరు" అని చూపిస్తే, ఆ అక్షరాలు తెలియని మనిషి కూడా ఒక్కక్షణం ఆ కాగితంవైపు చూసి, చేత్తో తడిమి, ఆ తరువాతే పెట్టె ఎక్కేది.

ఆ తడమడం నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది. పన్నుల చిట్టాలోనూ, అప్పుల పత్రంలోనూ తప్ప తమ పేరు అచ్చులో ఎన్నడూ చూడని మనుషులు వారు. ఒక ప్రభుత్వ సంస్థ తమ పేరు వ్రాసి, దాని ఎదుట ఒక చోటు వ్రాసి, నలుగురూ చూసేచోట అంటించింది. ఆ కాగితం లోపాలు నాకు తెలుసు. అది పరాయిభాషలో ఉన్నది, తప్పులతో ఉన్నది. కాని అది బహిరంగంగా ఉన్నది. ఎవరి చోటు ఎవరికి ఇచ్చారో నలుగురూ చూడవచ్చు, నలుగురూ అడుగవచ్చు. చదువురానివాడు చదువు వచ్చినవాణ్ణి అడుగవచ్చు. నేను చదువు నేర్చుకున్నది బడిలోనే అయినా, చదువు ఎందుకో తెలిసింది మాత్రం ఆ పెట్టె తలుపు దగ్గర.

4

తరువాతి ఘట్టం యంత్రానిది. 1985-86లో కొత్తఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలయింది. ఒక్కొక్క కేంద్రం ఒక్కొక్క ద్వీపంలా ఉండేది. దేశమంతటి కేంద్రాలను ముడివేసే కొత్త పద్ధతి 1994లో మొదట సికింద్రాబాదులో పనిలోకి వచ్చింది. 1999నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు ఒకటయ్యాయి. ఏ ఊరినుండి ఏ ఊరికైనా ఏ కిటికీ దగ్గరైనా టిక్కెట్టు కొనవచ్చు. టెలిగ్రాములు పోయాయి. గుమాస్తా నోటిమాట ప్రమాణం కాకుండా పోయింది. 2002లో ఇంటర్నెట్‌లో టిక్కెట్లు వచ్చాయి.

యంత్రాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. రిజిస్టరు చీకటికంటే ఇది మేలు. ఇప్పటి పద్ధతి తెలిసినవాడికి తన చోటు వెతుక్కోవడం చిన్నలెక్క. ఎస్ అంటే స్లీపరు, బి అంటే మూడంతస్తుల ఏసీ, ఎ అంటే రెండంతస్తులది, హెచ్ అంటే మొదటి తరగతి ఏసీ, డి అంటే కూర్చునే పెట్టె. స్లీపరులో ఎనిమిదేసి బెర్తులు ఒక గుంపు. బెర్తు నెంబరును 8తో భాగించండి. శేషం 1గాని 4గాని అయితే కింది బెర్తు, 2గాని 5గాని అయితే మధ్యది, 3గాని 6గాని అయితే పైది. 7 అయితే దారి పక్కన కిందది, శేషం లేకపోతే దారి పక్కన పైది. నా 33ను 8తో భాగిస్తే శేషం 1. అందుకే నాకు కింది బెర్తు. విద్యార్థులకు ఈ లెక్క చెబితే నవ్వుతూ నేర్చుకుంటారు.

కాని ఆ ముసలి దంపతులకు ఈ లెక్క ఎవరు నేర్పారు? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. ఇరవైరెండు పెట్టెల బండి పొడవు అర కిలోమీటరుకు పైమాట. అది ఆగేది రెండు మూడు నిమిషాలు. పెట్టెల వరుస ఒక్కొక్కప్పుడు తారుమారై వస్తుంది. ఈ కొసనుండి ఆ కొసకు మూటతో పరుగెత్తే మనిషికి కావలసింది చూపించే చేయి, చదివి చెప్పే నోరు. మనం చేసిందేమిటి? 2018 మార్చి 1 నుండి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టులు అంటించడం మానివేశారు. కాగితం మిగిలింది, చెట్లు మిగిలాయి, మంచిదే. కాని బహిరంగంగా ఉన్న జాబితా ఎవరి ఫోనులోకి వారి ఫోనులోకి, టి.టి. చేతిలోని యంత్రంలోకి పోయింది. నలుగురూ చూసే కాగితం ఒక్కడు మాత్రమే చూసే తెర అయింది. వెలిగే పలక ఉన్నచోట ఉన్నది, లేనిచోట లేదు.

చరిత్ర క్రమాన్ని గమనించండి. ముందు, చోటు చూపించే భారం చట్టరీత్యా రైల్వేవారిది. గోడమీద అంకె వ్రాయవలసింది వారే. తరువాత, పేరు వ్రాసి అంటించవలసింది వారే. ఇప్పుడు వెతుక్కోవలసింది ప్రయాణికుడు. ఫోను కొనుక్కోవలసింది, అందులో ఖాతా తెరుచుకోవలసింది, వెయిటింగ్ లిస్టు అంటే ఏమిటో తెలుసుకోవలసింది అతడే. ముందుగా టిక్కెట్టు కొనే గడువు 120 రోజులుండగా 2024 నవంబరు 1 నుండి 60 రోజులకు తగ్గించారు. ఆఖరి గడియ తత్కాల్ టిక్కెట్లను ఇంటర్నెట్‌లో కొనడానికి 2025 జూలైనుండి ఆధార్ ధ్రువీకరణ కావాలన్నారు. దళారీని అరికట్టడానికే ఇవన్నీ అని చెబుతారు. ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. కాని ఒక్కొక్క గడి పెరిగిన కొద్దీ, ఆ గడిని తాను దాటలేని మనిషి మళ్లీ ఎవరో ఒక మధ్యవర్తి గుమ్మం ముందుకే పోయి నిలబడతాడు. మా ప్లాట్‌ఫారం మీది ఫోను ఎక్కడినుండి వచ్చిందో చెప్పాను గదా.

5

చివరగా, జాబితాలో పేరే లేనివారి సంగతి. బండికి ముందు కొసనా వెనుక కొసనా ఉండే జనరల్ పెట్టెలలో నెంబరు లేదు, పేరు లేదు. 22 మంది అని వ్రాసిన గోడమీది అంకెకు ఏ గతి పట్టిందో అక్కడ ఎక్కి చూస్తే తెలుస్తుంది. మూడవ తరగతి 1974లో పోలేదు. పేరు మార్చుకొని ఆ రెండు కొసలకూ జరిగింది.

పేరు లేకపోవడమంటే ఏమిటో 2023 జూన్ 2న ఒడిషాలోని బాలాసోరు జిల్లా బహనగా బజారు స్టేషను దగ్గర దేశం చూసింది. చెన్నైకి వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొన్నది. అటునుండి వస్తున్న బెంగుళూరు హౌరా బండి చివరి పెట్టెలుకూడా పట్టాలు తప్పాయి. 290 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో చాలామంది జనరల్ పెట్టెలవారు, పనికోసం దక్షిణానికి పోతున్న కూలీలు, పని ముగించుకొని ఇళ్లకు పోతున్న కూలీలు. రిజర్వేషను ఉన్నవాడి పేరూ వయసూ జాబితాలో ఉన్నవి. లేనివాడు ఎవరో చెప్పడానికి ఏ కాగితమూ లేదు. తల్లిదండ్రులు ఫోటోలు పట్టుకొని ఆసుపత్రులవెంట తిరిగారు. రక్తపరీక్షలతో పోల్చి చూశారు. ఎవరూ రానందువల్ల చివరకు 28 శవాలను అక్టోబరులో ప్రభుత్వమే దహనం చేయించింది. బ్రతికి ఉండగా బండిలో చోటు దొరకని మనిషికి, చనిపోయాక జాబితాలోనూ చోటు దొరకలేదు.

2025 ఫిబ్రవరి 15 రాత్రి కొత్తఢిల్లీ స్టేషనులో కుంభమేళాకు పోయే జనం తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ప్రయాగరాజ్ పేరుతో రెండు బండ్లు ఉండడంవల్ల, ప్రకటన విని జనం ఒక ప్లాట్‌ఫారంనుండి మరొకదానికి ఉరకడంవల్ల ఇది జరిగిందని ఆనాటి పోలీసుల కథనం. బండి ఎక్కడ, పెట్టె ఎక్కడ అన్న ప్రశ్నకు సమయానికి సరియైన జవాబు దొరకకపోతే మనుషులు చనిపోతారు. దీనిని ప్రయాణికుడి తొందరపాటుగా కొట్టివేయడం సులభం. కాని తొందర ఎక్కడ పుట్టింది? చోటు తక్కువ ఉన్నచోట పుట్టింది. తనకు చోటు ఉన్నదని నమ్మకం ఉన్నవాడు పరుగెత్తడు. ఆ రాత్రి నేను పరుగెత్తలేదు.

కనుక మనం అడుగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి బండికీ జనం లెక్కకు తగినన్ని జనరల్ పెట్టెలు కావాలి. పెట్టెల వరుసను ముందుగానే ఆ ప్రాంతపు భాషలో వ్రాసి, చదివి, వినిపించాలి. చార్టు ఫోనులో ఉన్నా, ఒక ప్రతి గోడమీదకూడా ఉండాలి, తెలుగునాట తెలుగులో ఉండాలి. వెయిటింగ్ లిస్టు టిక్కెట్టు రద్దయితే ఆ సంగతి ప్రయాణికుడికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. 1890లో పరాయి ప్రభుత్వం చేసిన చట్టమే పెట్టెమీద అంకెను ప్రజల వాడుక భాషలో వ్రాయవచ్చునన్నది. మన ప్రభుత్వంనుండి అంతకంటే తక్కువ ఎందుకు తీసుకోవాలి?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈసారి బండికోసం నిలబడినప్పుడు ఫోనులోనుంచి తల ఎత్తి చుట్టూ చూడండి. ఎవరో ఒకరు చేతిలో కాగితమో ఫోనో పట్టుకొని, ఎవరిని అడగాలా అని ముఖాలు చూస్తూ ఉంటారు. వారి పెట్టె చూపించండి. అది మన చదువు తీర్చవలసిన బాకీలో వడ్డీ మాత్రమే. వారికి చూపించడానికి ఒక పెట్టె ఉండేటట్టు చేయడం అసలు.